టీకాల మీద అక్కకు నమ్మకం పోయింది, బాబుకు తట్టు టీకా ఆగిపోయింది. ఎలా మాట్లాడాలి?

నైట్ షిఫ్ట్ పిన్ని (ప్రశ్న)

మా అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. ఆఫీసులో అకౌంట్స్ చూస్తుంది. ఎవరేం చెప్పినా "లెక్క చూపించు" అనే మనిషి. అందుకే ముందే బతిమాలుకుంటున్నాను, "అవగాహన లేక" అని మాత్రం మొదలుపెట్టకండి.

2021లో అక్క కోవిడ్ టీకా వేయించుకుంది, ఎంఆర్‌ఎన్‌ఏ రకం (వైరస్ ప్రొటీన్ ఒకటి తయారుచేయమని ఒంట్లోని కణాలకు సూచన ఇచ్చేది). రెండో డోసు పడిన వారానికి నెలసరి ముందే వచ్చేసింది, పది రోజులైనా ఆగలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన కంప్యూటర్ మీది నుంచి తల కూడా ఎత్తకుండా "దానికీ దీనికీ సంబంధం లేదమ్మా. టెన్షన్ తగ్గించుకోండి, నెట్‌లో పిచ్చిపిచ్చివన్నీ చదవకండి" అన్నాడట. అప్పటికి అక్క నెట్‌లో ఏమీ చదవలేదు. ఆ రాత్రి నుంచే మొదలుపెట్టింది.

ఇప్పుడు బాబుకు పదకొండు నెలలు. పుట్టినప్పటి నుంచి వేయాల్సినవన్నీ వేయించింది. తొమ్మిదో నెలలో వేయాల్సిన తట్టు టీకా దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. "వేయించనని ఎవరన్నారు? ఇప్పుడే వద్దంటున్నా, అంతే" అంటుంది. ఆ "ఇప్పుడే" రెండుసార్లు వాయిదా పడింది. బావ సంగతి సరేసరి, చివరగా ఎవరు మాట్లాడితే వాళ్ల వైపు.

మొన్న టీవీలో ఏదో కొత్త వైరస్ వార్త వస్తుంటే అక్క రిమోట్ తీసి సౌండ్ తగ్గించి, "చూస్తూ ఉండు, ఏడాదిలో టీకా అంటారు, ఏమైనా అయితే మా వల్ల కాదంటారు. మళ్లీ మనమే ఎలుకలం" అంది. నేను గొంతు పెంచాను. తను లేచి వెళ్లిపోయింది. ఆదివారం నుంచి ఫోన్ ఎత్తట్లేదు.

ఇంతకీ ఆ డాక్టర్ చెప్పింది కరెక్టేనా? కొత్త రోగానికి అంత తొందరగా టీకా ఎలా తయారవుతుంది? అన్నిటికంటే ముఖ్యంగా, అక్కతో గొడవ పడకుండా ఈ మాట ఎలా ఎత్తాలి?

ఫుల్‌స్టాప్

ఎత్తడమేంటండీ, చట్టం చేయాలి. టీకా వేయించని పిల్లల్ని బడిలో చేర్చుకోకపోతే వాళ్లే దారికొస్తారు. ఇలాంటి మూర్ఖత్వానికి ఓపిక పట్టబట్టే పోయాయనుకున్న రోగాలు మళ్లీ వస్తున్నాయి.

టీకా గది

పిన్నిగారూ, నేను ఇరవై నాలుగేళ్లుగా టీకాలు వేస్తున్న నర్సుని. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక చేసుకోండి.

మీ అక్క చెప్పింది నిజం. 2022 అక్టోబరులో యూరప్ మందుల నియంత్రణ సంస్థలోని భద్రతా కమిటీ, ఎంఆర్‌ఎన్‌ఏ కోవిడ్ టీకాల సైడ్ ఎఫెక్టుల జాబితాలో నెలసరిలో అధిక రక్తస్రావాన్ని చేర్చమని చెప్పింది. అదే ఏడాది మొదట్లో, నెలసరి యాప్‌లో రాసుకునే దాదాపు 4,000 మంది ఆడవాళ్ల రికార్డులు తీసి చూస్తే, టీకా పడిన నెలలో, ఒక నెలసరికీ ఇంకో నెలసరికీ మధ్య రోజుల్లో సగటున ఒక రోజులోపు తేడా కనిపించింది. చాలామందిలో ఆ తేడా తర్వాత సర్దుకుంది. పిల్లలు పుట్టడానికి దానివల్ల ఇబ్బంది ఏమీ కనబడలేదు.

అంటే ఆ టీకా చెడ్డదని కాదు. కానీ 2021లో ఆ డాక్టర్‌కు "సంబంధం లేదు" అని చెప్పే ఆధారం కూడా లేదు. పెద్ద పెద్ద ట్రయల్స్‌లో ఒళ్లు నొప్పి అడిగారు, జ్వరం అడిగారు, నెలసరి గురించి అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు ఎలా ఉంటుంది? "మాకింకా తెలీదమ్మా, రాసుకుని పైకి పంపుతాను" అని ఉంటే సరిపోయేది. కాబట్టి మీరు ఫోన్ చేసి తట్టు మాట ఎత్తకుండా, ముందు ఈ ఒక్క మాట చెప్పండి: "అక్కా, నువ్వు చెప్పింది నిజమే, ఆయనదే తప్పు." చెప్పి ఆపేయండి. "కానీ" అనకండి.

ఇది నేను తెలివితేటలతో కనిపెట్టింది కాదు. దెబ్బ తిని నేర్చుకున్నది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకావిడ బాబును తట్టు టీకాకు తీసుకొచ్చింది. జ్వరం వస్తుందా అని అడిగితే, "ఏమీ కాదమ్మా, రెండు రోజుల్లో రాలేదంటే ఇక రాదు" అన్నాను. లైను పెద్దగా ఉంది, తొందరలో ఉన్నాను. తొమ్మిదో రోజు రాత్రి బాబుకు జ్వరం వచ్చి ఫిట్స్ వచ్చాయి. తెల్లారేసరికి పిల్లాడు మామూలుగా ఆడుకుంటున్నాడు. తల్లి మాత్రం మామూలు కాలేదు. పోలియో చుక్కలప్పుడు నేనే వాళ్లింటికి వెళ్తే తలుపు సగం తెరిచి, "ఏమీ కాదన్నావుగా" అని మళ్లీ మూసేసింది. ఆవిడ కోపం జ్వరం మీద కాదు.

తట్టు టీకాలో ఉండేది బలహీనం చేసిన బతికున్న వైరస్. అది ఒంట్లో నెమ్మదిగా పెరగాలి, అప్పుడు గానీ శరీరం దాన్ని గుర్తుపట్టదు. అందుకే జ్వరం వస్తే ఆరో రోజుకూ పన్నెండో రోజుకూ మధ్య వస్తుంది. ఆ సంగతి అప్పటికి నేను చదువుకునే ఉన్నాను, కానీ నోటికి రాలేదు. ఇప్పుడు ప్రతి తల్లికీ ఇలా చెబుతాను: "వారం దాటాక జ్వరం రావచ్చు, ఒళ్లు సన్నగా ఎర్రబడవచ్చు. మూడు నాలుగు వేల మంది పిల్లల్లో ఒకరికి ఆ జ్వరంలో ఫిట్స్ వస్తాయి. చూస్తే మన ప్రాణం పోయినట్టుంటుంది గానీ పిల్లలకు మామూలుగా ఏ లోపమూ మిగలదు. వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, ఆస్పత్రికి తీసుకురండి." ఇంత చెబితే భయపడి వెళ్లిపోతారని మా సూపర్‌వైజర్ గోల పెట్టేది. లేచి వెళ్లిపోయినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తట్టే వస్తే వెయ్యి మందిలో ఒకరికి మెదడు వాపు వస్తుందని కూడా అదే ఊపిరిలో చెబుతాను మరి.

అక్కకు లెక్క కావాలంటే ఇంకొకటి చెప్పండి. తట్టు వచ్చిన మనిషి గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గాలిలో వైరస్ ఉంటుంది. రక్షణ లేని పదిమంది దగ్గరగా ఉంటే తొమ్మిది మందికి అంటుకుంటుంది. "ఇప్పుడే వద్దు" అనడంలో ఉన్న ఖర్చు అది.

ఇక అక్కకు చూపించాల్సింది ఒకటుంది. తట్టు టీకా వయల్‌లో పొడిగా వస్తుంది, దాన్ని కలిపే ద్రవం వేరే సీసాలో. మా దగ్గరికి వచ్చే వయల్ మీద చిన్న వృత్తం, దాని లోపల చతురస్రం ఉంటాయి. వృత్తం ఊదారంగు, చతురస్రం తెల్లగా ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి నా చేతికి వచ్చేలోపు ఎక్కడైనా వేడి తగిలితే ఆ చతురస్రం కొద్దికొద్దిగా నల్లబడుతుంది, మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టినా తిరిగి తెల్లబడదు. చతురస్రం వృత్తం రంగులో కలిసిపోయిందంటే ఆ వయల్ పారేయాల్సిందే. కలిపాక ఆరు గంటలు దాటినా అంతే, ఎంత మిగిలినా సరే. నేను కలపబోయే ముందు రెండు సీసాలూ తల్లి ముందు పెట్టి, పేరు, తేదీ ఆవిడతోనే చదివిస్తాను. కొన్ని దేశాల్లో ఈ చతురస్రం గుర్తు వాడరు. అక్కడైతే తేదీ, ఫ్రిజ్ ఉష్ణోగ్రత రాసే చార్టు అడగొచ్చు. అడిగితే విసుక్కునే నర్సు ఉంటే, వేరే నర్సును అడగండి.

ఇదంతా ఎందుకంటే, పసిఫిక్ సముద్రంలోని చిన్న ద్వీప దేశం సమోవాలో జరిగింది విన్నప్పటి నుంచి ఆ రెండో సీసా నాకు కళ్లలో మెదులుతుంది. 2018 జులైలో అక్కడ ఇద్దరు పసిపిల్లలు తట్టు టీకా వేసిన కాసేపటికే చనిపోయారు. తప్పు టీకాది కాదు. పొడిని కలపాల్సిన ద్రవం బదులు, ఆపరేషన్లప్పుడు కండరాలు సడలడానికి ఇచ్చే మందు, అదీ గడువు తీరిన సీసా, తీసి కలిపారు. ఆ నర్సులిద్దరికీ జైలు శిక్ష పడింది. కానీ ఈ నిజం బయటికొచ్చేలోపు ప్రభుత్వం నెలల తరబడి ఆ టీకాను ఆపేసింది. తిరిగి మొదలుపెట్టినా తల్లులు రాలేదు. మరుసటి ఏడాది తట్టు వచ్చింది. రెండు లక్షల జనాభా ఉన్న దేశంలో 83 మంది పోయారు, ఎక్కువమంది ఐదేళ్లలోపు వాళ్లే. చివరికి 2019 డిసెంబరులో ప్రభుత్వ ఆఫీసులు రెండు రోజులు మూసేసి ఇంటింటికీ తిరిగారు. టీకా పడనివాళ్లున్న ఇంటి ముందు ఎర్ర గుడ్డ కట్టమన్నారు. ఆ తల్లులు మూర్ఖులా? రెండు శవపేటికలు చూశారు, కారణం ఎవరూ వెంటనే చెప్పలేదు.

ఫుల్‌స్టాప్ గారూ, చట్టం సంగతి మీరన్నారు కాబట్టి ఒక మాట. ఇంగ్లండ్‌లో 1853లో పసిపిల్లలకు మశూచి టీకా తప్పనిసరి చేశారు, వేయించకపోతే జరిమానా. 1885లో లెస్టర్ ఊళ్లో వేలాది మంది ఊరేగింపు తీశారు. 1898లో, మనస్సాక్షి ఒప్పకపోతే మినహాయింపు ఇస్తామని చట్టమే మెట్టు దిగాల్సి వచ్చింది. బడి రూల్ కొన్నిచోట్ల పనిచేస్తుంది, కాదనను. కానీ పదకొండు నెలల బాబు బడికి వెళ్లడు.

సగం నమ్మకం

నర్సమ్మగారూ, మీ మాట నచ్చింది. కానీ అన్నీ సీసాలు మార్చిన తప్పులే కాదు కదా. ఫిలిప్పీన్స్‌లో డెంగీ టీకా సంగతి రాయలేదేం? 2016 నుంచి 8 లక్షల మందికి పైగా పిల్లలకు వేశారు. 2017 నవంబరులో కంపెనీయే చెప్పింది, ఇంతకుముందు డెంగీ రాని పిల్లలకు ఈ టీకా వేస్తే తర్వాత వచ్చే డెంగీ తీవ్రంగా ఉండొచ్చని. వేసేశాక చెబితే ఏం లాభం? నేను నా పిల్లలకు అన్నీ వేయించాను, కొత్తవాటికి మాత్రం రెండేళ్లు ఆగుతాను. తప్పా?

పైపెట్

వైరస్ ల్యాబ్‌లో పని. "అంత తొందరగా ఎలా" అన్నదానికి నేను చెబుతాను.

టీకా తయారీలో ల్యాబ్‌లో గడిచే కాలం ఒకటి, బల్లల మీద ఫైలు పడి ఉండే కాలం ఒకటి. కోవిడ్‌లో బాగా తగ్గింది రెండోది. 2002లో సార్స్, 2012లో మెర్స్ వచ్చాయి. రెండూ కరోనా వైరస్‌లే. వాటి పైనున్న ముల్లు ప్రొటీన్‌ను చెదిరిపోకుండా ఎలా నిలబెట్టాలో మెర్స్ మీద పనిచేసినవాళ్లు 2017 నాటికే ప్రచురించారు. ఎంఆర్‌ఎన్‌ఏను శరీరం శత్రువనుకోకుండా ఎలా మార్చాలో కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్ 2005లో రాశారు. అప్పట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ, 2023లో నోబెల్ ఇచ్చారు. వైరస్ జన్యుక్రమం 2020 జనవరి రెండో వారంలో బయటికొచ్చింది, మార్చి 16న అమెరికాలో మొదటి వలంటీర్‌కు సూది పడింది. తర్వాత పదుల వేల మందితో ట్రయల్స్. అవి నడుస్తుండగానే, ఫెయిలైతే పారబోద్దామని డోసులు తయారుచేసి పెట్టుకున్నారు. డబ్బు పోతే పోనీ అన్నారు, అసలు మార్పు అదీ.

డబ్బు పోతే పోనీ అననప్పుడు ఏమవుతుందో ఎబోలాలో చూడండి. కోతుల్ని పూర్తిగా కాపాడిన టీకా 2005 నాటికే కెనడా ల్యాబ్‌లో ఉంది. కొనే దేశాలకు డబ్బు లేదు, అమ్మే కంపెనీకి లాభం లేదు. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో మంట అంటుకుంది, అది ఆరేసరికి 11,000 మందికి పైగా పోయారు. అప్పుడు గానీ, 2015లో, గినియాలో పరీక్షించలేదు. రోగి చుట్టూ ఉన్నవాళ్లకు వలయంలా వేసుకుంటూ పోతే పనిచేసింది. లైసెన్సు 2019లో. మా ల్యాబ్‌లో ఒక చేదు జోకు ఉంది. నిపా 1998లో బయటపడింది, మనుషులకు వేసే లైసెన్సు పొందిన టీకా ఇంకా లేదు. దాని దగ్గరి చుట్టం హెండ్రాకు మాత్రం ఆస్ట్రేలియాలో 2012 నుంచే టీకా ఉంది, గుర్రాలకు. దానికి కూడా "మా గుర్రానికి ఏదో అయింది" అని యజమానులు ఎదురుతిరిగారు. కాబట్టి ఇది మనుషుల పిల్లల గొడవే కాదు.

సగం నమ్మకం గారూ, డెంగీ మీద మీరన్నది ఒప్పుకోవాల్సిందే. డెంగీలో నాలుగు రకాలున్నాయి, ఒకటి వచ్చిపోయాక రెండోసారి ఇంకో రకం వస్తే ముదిరే గుణం ఉంది. ఎప్పుడూ డెంగీ రానివాళ్ల విషయంలో ఆ టీకా మొదటిసారి వచ్చిన డెంగీలా పనిచేసింది. ముందుగా రక్తం పరీక్ష చేసి వేయాల్సింది. అయితే రెండేళ్లు ఆగడం రోగాన్ని బట్టి ఉంటుంది. ఎబోలా చుట్టుముట్టిన ఊళ్లో రెండేళ్లు ఆగేవాడు దొరకడు. తట్టు టీకా అయితే 1963 నుంచి ఉంది, అరవై ఏళ్లు ఆగినట్టే లెక్క.

పిన్నిగారూ, తట్టు టీకా వల్ల ఆటిజం వస్తుందనే ఫార్వర్డ్ మీ బావ ఫోన్‌కి ఎలాగూ వచ్చే ఉంటుంది. దాని మూలం 1998లో 12 మంది పిల్లల మీద వచ్చిన ఒక వ్యాసం, 2010లో పత్రికే వెనక్కి తీసుకుంది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల పిల్లల రికార్డులు చూసి 2019లో ఏ సంబంధమూ లేదన్నారు. ఇంతకంటే దాని మీద టైము ఖర్చుపెట్టకండి.

టీకా గది

డెంగీ గురించి రాయకపోవడం నా పొరపాటే. ఆ తర్వాత జరిగింది కూడా కలుపుతాను. ఫిలిప్పీన్స్‌లో "టీకాలు ముఖ్యం" అని గట్టిగా చెప్పినవాళ్లు 2015లో నూటికి 93 మంది, 2018లో 32 మంది. ఒక టీకా మీద పోయిన నమ్మకం మిగతావాటిని కూడా లాక్కెళ్లింది. 2019లో అక్కడ తట్టు విరుచుకుపడింది. మీ అక్క ఇంట్లో జరుగుతున్నదీ అదే కదా, కోవిడ్ టీకా మీది కోపం తట్టు టీకా మీద తేలింది.

ఇంకొకటి చెప్పి ఆపేస్తాను. ప్రపంచంలో సహజంగా మశూచి సోకిన చివరి మనిషి అలీ మావ్ మాలిన్, సోమాలియాలో ఒక ఆస్పత్రిలో వంటమనిషి. 1977. ఆస్పత్రిలోనే పని, టీకా చేతికందే దూరంలో. సూది నొప్పి పుడుతుందని తప్పించుకున్నాడు. ఇద్దరు రోగుల్ని బండిలో దారి చూపించి తీసుకెళ్లాడు, కొద్ది నిమిషాలే. బతికి బయటపడ్డాడు. తర్వాత పోలియో చుక్కల పనిలో చేరి, వద్దన్న తల్లుల దగ్గరికి వెళ్లి తన కథే చెప్పేవాడు. 2013లో పోయేదాకా అదే పని. భయపడ్డవాడి మాట భయపడేవాళ్లు వింటారు. మీ అక్క ఒప్పుకుంటే రేపు ఇంకో నలుగురు తల్లులకు ఆవిడ మాటే పనికొస్తుంది. నా మాట కాదు.

నైట్ షిఫ్ట్ పిన్ని

మూడు రోజుల తర్వాత రాస్తున్నాను, డ్యూటీలు కుదరలేదు.

అక్క ఫోన్ ఎత్తింది. నర్సుగారు చెప్పినట్టే, "నువ్వు చెప్పింది నిజమే, ఆయనదే తప్పు" అన్నాను. "కానీ" నాలుక చివరి దాకా వచ్చింది, మింగేశాను. అటువైపు చప్పుడు లేదు. వెనకాల బాబు ఏదో గిన్నె నేలకేసి కొడుతున్నాడు. చివరికి, "ఎక్కడ రాశారు, పంపు" అంది. పంపాను. రాత్రి పన్నెండు దాటాక మెసేజ్: "సగటు ఒక రోజు అంటే సరిపోదు. ఎక్కువ తేడా వచ్చినవాళ్లు ఎంతమంది?" ఆ వ్యాసం మొత్తం చదివేసింది. ఒకే నెలసరి చక్రంలో రెండు డోసులూ పడ్డవాళ్లకు తేడా ఎక్కువని తనే కనిపెట్టి నాకు చెప్పింది. తట్టు మాట ఇద్దరం ఎత్తలేదు.

ఇవాళ పొద్దున తనే ఫోన్ చేసి అడిగింది, ఆ చతురస్రం మనం అడిగితే చూపిస్తారా అని. గురువారానికి టైము తీసుకుంది. వేయిస్తానని మాత్రం అనలేదు, "వెళ్లి చూస్తా" అంది. నోట్‌బుక్‌లో ప్రశ్నలు రాసుకుంది, ఏడో ఎనిమిదో ఉన్నాయి. బావ నోరు మెదపలేదు, ఫోన్‌లో తొమ్మిదో రోజుకు అలారం పెట్టుకున్నాడట.

టీకా గది

గురువారం వేస్తే తొమ్మిదో రోజు శనివారం పడుతుంది. శని, ఆదివారాల్లో పిల్లల డాక్టర్ ఎవరుంటారో, ఏ నంబర్‌కు చేయాలో ముందే కనుక్కుని ఆ నోట్‌బుక్‌లోనే రాసుకోమనండి. అలారం ఒక్క తొమ్మిదో రోజుకే చాలదు, ఆరో రోజు నుంచి పెట్టుకోమని బావగారికి చెప్పండి. సూది పడ్డాక అరగంట అక్కడే కూర్చోవాలి, బాబుకు ఆడుకోవడానికి ఆ గిన్నె తీసుకెళ్లమనండి.